ఐన్ ఉందా, వావ్ ఉందా? – దుల్హన్ తయారీ కథ

షాదీ తారీఖ్ పక్కా అయిన రోజు నుంచి మన ఇళ్లల్లో ఫెహ్రిస్త్ మొదలవుతుంది. ఖడా దుపట్టా ఎక్కడ కుట్టించాలి, మెహందీ ఎవరు పెట్టాలి, పార్లర్ ఆపాకి అడ్వాన్స్ ఇచ్చామా లేదా, మాంజా చౌకీ మీద ఏ గుడ్డ పరవాలి, ఫంక్షన్ హాలు వాడు కరెంటు బిల్లు విడిగా వేస్తాడా. అమ్మీ, ఖాలాలు, ఫుఫ్ఫూలు, బాజీలు తలా ఒక పని పంచుకుంటారు. నెలా రెండు నెలలు ఇల్లంతా ఇదే ముచ్చట.

అసలు నికా మాత్రం ఐదు నిమిషాలు. వకీల్ సాబ్, ఇద్దరు గవాహ్‌లు జనానా గది గుమ్మం దాకా వస్తారు. ఫలానా వారి సాహబ్జాదాతో, ఇంత మెహర్‌కి మీ నికా చేస్తున్నాం, మీకు ఖబూలేనా అని అడుగుతారు. దుపట్టా కింద తల తనంతట ఊగిందో, పక్కన కూర్చున్న ఖాలా ఊపిందో బయటికి తెలియదు. పెన్ను చేతికొస్తుంది. సంతకం అయిపోతుంది. ముబారక్, ముబారక్ అంటూ ఛువారాలు పంచుతారు.

ఆ సంతకం కింద ఏం రాసి ఉందో ముందే చదువుకున్న దుల్హన్ ఎంతమంది? షాదీ రోజు సాఫీగా జరగాలని రాసే సలహాలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పత్రికలన్నింటిలో కనిపిస్తాయి. ఉబ్టన్ గురించి, బుగ్గల మెరుపు గురించి బోలెడు ఉంటుంది. ఈ ఐదు నిమిషాల గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. మన దగ్గర దుల్హన్‌ని తయారు చేయడం అనే పనికి ఉన్న పాత తారీఖ్‌ని తిరగేస్తే ఈ ఖాళీ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

దక్కనీ ముస్లింల షాదీ గురించి వివరంగా రాసిన పాత కితాబుల్లో ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ ఒకటి. రాసినాయన జాఫర్ షరీఫ్. మద్రాసు సర్కారులో డాక్టరుగా పనిచేసిన హెర్క్‌లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చేయించాడు. తర్వాత 1921లో విలియం క్రూక్ దాన్ని మళ్లీ సవరించి తెచ్చాడు. జాఫర్ షరీఫ్ పుట్టింది మన ఏలూరులోనే అని క్రూక్ చెప్పాడు. అంటే హైదరాబాద్ నవాబుల హవేలీల సంగతి ఒక్కటే కాదు, తెలుగు నేల మీద బతికిన మామూలు ముస్లిం ఇళ్ల సంగతి కూడా అందులో ఉంది. హల్దీ, మాంజా, మెహందీ, రాత్రి పూట దూల్హా ఊరేగింపు షబ్‌గష్త్, జల్వా, కంకణం విప్పడం, షాదీ తర్వాత జుమాగీలు, అన్నీ వరసగా రాశాడాయన. అందులో నాకు భలే నచ్చేది రెండు రకాల హల్దీ. పిల్లకి ముందు ఇంట్లోవాళ్లే చాటుగా పసుపు పూస్తారు, అది చోర్ హల్దీ. తర్వాత చుట్టాలందర్నీ పిలిచి బహిరంగంగా పూసేది సావ్ హల్దీ. చోర్, సావ్ అంటే దొంగ, దొర అన్నమాట. రెండు వందల ఏళ్ల కిందటి మన నానమ్మలకి హాస్యం తక్కువేం లేదు.

మాంజా అంటే ఇవాళ ఒక ఫొటో షూట్. పసుపు పూల ఉయ్యాల, పసుపు గరారా, మూడు గంటల్లో ఖతం. పాత రోజుల్లో అది మూడు రోజులు, ఐదు రోజులు, కలిగిన ఇళ్లల్లో ఇంకా ఎక్కువ. పసుపు బట్టలు కట్టి ఒక మూల కూర్చోబెట్టిన పిల్లకి ఎవరూ పని చెప్పరు. వంటింటి పొగ దగ్గరికి, ఎండలోకి పంపరు. తోటి ఆడపిల్లలు చుట్టూ చేరి పాడతారు, తినిపిస్తారు, ఏడిపిస్తారు. పుట్టినింటి నుంచి మెట్టినింటికి వెళ్లే ముందు ఆ అమ్మాయికి దొరికే సెలవు అది. ఈ ఒక్క సంగతి మాత్రం నేటి దుల్హన్‌లు వెనక్కి తెచ్చుకుంటే మంచిదని నా రాయ్. గురువారం దాకా ఆఫీసు లాగిన్, శుక్రవారం నికా అంటే ఒళ్లు తట్టుకోదు. మూడు రోజులు ముందే సెలవు పెట్టండి. చివరి వారంలో ముఖం మీద కొత్త క్రీములు, కొత్త ఫేషియల్ ప్రయోగాలు వద్దు. హల్దీ కూడా ముందు మోచేతి లోపల కొంచెం పూసి చూసుకోండి.

మెహందీ సంగతీ అంతే. అసలైన మెహందీ కడిగిన వెంటనే నారింజ రంగులో ఉంటుంది. ఒకటి రెండు రోజులు గడిస్తేనే ముదురుతుంది. అందుకే పాతోళ్లు నికాకి ముందు రోజు కాదు, అంతకు ముందు రాత్రి పెట్టేవాళ్లు. ఇప్పుడు గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లున్నాయి. ఆ నలుపు చాలావరకు జుట్టుకి వేసే రంగులోని రసాయనం. చేతులు బొబ్బలెక్కి, జల్వాలో చెయ్యి చాచలేక దుల్హన్ ఏడ్చిన షాదీకి నేను వెళ్లాను.

దుల్హన్‌ని సింగారించే మనిషికి మన జబాన్‌లో ఒక పేరుంది, మషాతా. అరబ్బీలో ముష్త్ అంటే దువ్వెన. తల దువ్వే ఆమె గనక మషాతా. ఆమె ఇంటింటికీ తిరుగుతుంది, ఏ ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉందో, ఏ ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్లవాడున్నాడో ఆమెకి తెలుసు. అట్లా దువ్వెన పట్టిన ఆమే సంబంధాలు కుదిర్చే ఆమె అయింది. హైదరాబాద్‌లో ఇవాళ మషాతా అంటే పెళ్లిళ్ల పేరయ్య లాంటి ఆడమనిషి, దువ్వెన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ పాత మషాతా షాదీకి ముందు రాత్రి దుల్హన్‌తో ఒంటరిగా కూర్చునేది. అత్తింట్లో ఎవరితో ఎట్లా ఉండాలో, మొదటి రాత్రి ఏమిటో, ఒంటి సంగతులేమిటో ఆమే చెప్పేది. పార్లర్ ఆపాకి ఈ ఓపిక ఎక్కడిది? ఆ మాట అమ్మీనో, పెళ్లైన బాజీనో తీసుకుని కూర్చోబెట్టి చెప్పాలి. సిగ్గు పడితే పనికాదు.

ఇక జోడా, జేవర్. ఖడా దుపట్టా ఆరు గజాల బట్ట, దాని మీద జర్దోజీ బరువు. చింతాక్, సత్‌లడా, కరన్‌ఫూల్, నుదుటికి టీకా, తలకి ఒక పక్కన ఝూమర్. ఇవన్నీ వేసుకుని ఇంట్లో ఒకసారి నడిచి చూడండి, మెట్లెక్కి చూడండి, సజ్దా చేసి చూడండి. నికా రోజు మగ్రిబ్ ఖజా కావడానికి చాలాసార్లు కారణం దుపట్టా పిన్నులే! ఈ జేవర్‌లో ఒకటి మాత్రం మన తెలుగు నేలది. కాలీ పోత్ కా లచ్ఛా, నల్లపూసలు. దూల్హా వైపు వాళ్లు దుల్హన్ మెడలో వేస్తారు. పక్కింటి హిందూ అక్క మెడలోనూ అవే నల్లపూసలు. ఇది షరియత్‌లో ఎక్కడుందని అడిగేవాళ్లున్నారు. ఎక్కడా లేదు. పసుపూ లేదు, మాంజా లేదు, సాంచక్ లేదు. ఇవి ఇక్కడి మట్టి ఇచ్చిన రస్మ్‌లు. ఖర్చు పెంచి ఒకరి నడ్డి విరగ్గొట్టనంత కాలం వాటితో నాకు తగాదా లేదు.

తగాదా ఎక్కడంటే, నడ్డి విరగ్గొట్టడం మొదలైన చోట. సాంచక్‌లో దూల్హా వాళ్లు దుల్హన్‌కి జోడా, మిస్రీ, మేవా, పూలు తెచ్చేవాళ్లు. ఇచ్చే చెయ్యి మగపిల్లాడి వైపుది. ‘జోడే కీ రఖమ్’ అన్న మాటలో జోడా అలాగే ఉంది గానీ డబ్బు ప్రవహించే దిక్కు తిరగబడింది. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి ఇస్తాడు. 1948 తర్వాత జాగీర్లు పోయాయి, నౌకరీలు పోయాయి, హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లు చితికిపోయాయి. 70ల నుంచి గల్ఫ్ పైసా వచ్చింది, షాదీలు పెద్దవయ్యాయి, షామియానా పోయి ఫంక్షన్ హాలు వచ్చింది. ఈ చరిత్రంతా ఇక్కడ విప్పను. ఒక్క తేడా గమనించండి. జోడే కీ రఖమ్ షాదీకి ముందే నగదుగా లెక్కపెట్టి తీసుకుంటారు. మెహర్ మాత్రం కాగితం మీద రాసి, ‘అది తర్వాత సంగతి’ అంటారు. మజహబ్ ఫర్జ్ చేసింది ఉధార్, మజహబ్‌లో లేనిది నఖ్ద్!

మెహర్ గురించి ఖురాన్‌లో సూరె నిసా నాలుగో ఆయత్‌లోనే స్పష్టంగా ఉంది. అది స్త్రీకి ఇవ్వాలి, సంతోషంగా ఇవ్వాలి. ఆమె తండ్రికి కాదు, అన్నకి కాదు. ఇక రజామందీ సంగతికొస్తే, సహీ బుఖారీలో ఖన్సా బిన్తె ఖిదామ్ వాఖియా ఉంది. తండ్రి ఆమె ఇష్టం లేకుండా నికా చేశాడు. ఆమె నేరుగా హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆ నికా రద్దయింది. మొదటిసారి పెళ్లి చేసుకునే అమ్మాయి ఖామోషీని రజామందీగా తీసుకోవచ్చన్న మాట కూడా హదీస్‌లో ఉంది. మన పెద్దలకి ఈ రెండోది నోటికొచ్చు, ఖన్సా పేరు మాత్రం గుర్తు రాదు. ఖామోషీ అంటే సిగ్గుతో వచ్చిన మౌనం. మెడ మీద చెయ్యి వేసి వంచిన తల ఖామోషీ కాదు.

నికాలో షరతులు పెట్టుకోవడం ఇప్పటి ఆడపిల్లల కొత్త ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటారు. షరతులన్నింటిలో ముందుగా నిలబెట్టుకోవాల్సినవి నికాలో ఒప్పుకున్నవేనని బుఖారీలోనే హదీస్ ఉంది. అబ్బాసీ ఖలీఫా మన్సూర్, ఖలీఫా కాక ముందు, ట్యునీసియాలోని ఖైరవాన్‌కి చెందిన అర్వాని చేసుకున్నప్పుడు ఆమె బతికుండగా ఇంకో నికా చేసుకోనని ఒప్పుకున్నాడు. ఖైరవాన్ నికా షరతు అంటే నేటికీ ఆ దేశంలో ఈ ఏక పత్నీ షరతే.

అంత దూరం ఎందుకు, సూరత్ బందర్‌గాహ్‌కి రండి. 17వ సదీ మొదటి సగం, జహంగీర్, షాజహాన్‌ల జమానా. అక్కడి ముస్లిం ఇళ్ల నికానామాలు కొన్ని పారిస్‌లోని పెద్ద లైబ్రరీకి చేరాయి. అలీగఢ్ ప్రొఫెసర్ షిరీన్ మూస్వీ వాటిని చదివి రాశారు. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే షరతులు నాలుగు. ఇంకో నికా చేసుకోను. కొట్టను. ఇన్ని నెలలకు మించి ఖర్చులకివ్వకుండా వదిలిపెట్టి పోను. బాందీని ఉంచుకోను. నాలుగు వందల ఏళ్ల కిందట, వ్యాపారం మీద ఓడెక్కి పోయే భర్తల ఊళ్లో, ఆడవాళ్ల వైపు వాళ్లు ఏమేం భయపడ్డారో ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. మూడోదాన్ని చదివినప్పుడు నాకు దుబాయి, జిద్దా పోయిన భర్తల కోసం ఎదురుచూసే మన పాతబస్తీ, కడప, కరీంనగర్ ఆడబిడ్డలు గుర్తొచ్చారు.

మరి ఈ ఆనవాయితీ మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పలచబడింది? నాకు తోచిన ఒక కారణం దుల్హన్ చేతికిచ్చే కితాబులు. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ ‘మిరాతుల్ ఉరూస్’ రాశాడు. పేరుకి అర్థమే దుల్హన్ అద్దం. తర్వాత ఆయన సాలార్‌జంగ్ పిలుపు మీద హైదరాబాద్ వచ్చి నిజాం సర్కారులో కొన్నేళ్లు పెద్ద ఉద్యోగం చేశాడు. ఆ కథలో అక్బరీ ఫూహడ్, చెల్లెలు అస్గరీ సలీఖా ఉన్న పిల్ల. ఇల్లు దిద్దడం, లెక్కలు రాయడం, నౌకర్ల దొంగతనాలు పట్టుకోవడం అస్గరీ దగ్గర నేర్చుకోవాలి. తర్వాత మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ‘బహిష్తీ జేవర్’ వచ్చింది. నగలతో పాటు జహేజ్‌లో ఆ కితాబు కూడా పెట్టి పంపడం ఇప్పటికీ ఉంది. వుజూ, నమాజ్, పాకీ, ఇల్లు, పిల్లలు, రస్మ్‌ల మీద మందలింపు, అన్నీ అందులో దొరుకుతాయి.

అదే థాన్వీ సాబ్ 1930లలో ‘అల్ హీలతున్ నాజిజా’ అని ఇంకో కితాబు తెచ్చారు. భర్త కనబడకుండా పోయినా, ఖర్చులకివ్వకపోయినా హనఫీ ఫిఖ్‌లో ఆడవాళ్లకి బయటపడే దారి దొరకక, కొందరు చివరికి మజహబే వదిలే స్థితి వచ్చింది. అప్పుడు ఆయన మాలికీ ఫిఖ్ నుంచి దారులు వెతికారు. నికా సమయంలోనే కొన్ని షరతులతో తలాఖ్ హక్కుని భార్యకి అప్పగించే తఫ్వీజ్ కాబీన్‌నామా నమూనా కూడా అందులో ఇచ్చారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహ రద్దు చట్టానికి ఆ కితాబు ఒక ఆధారం. ఒకే ఆలిం రాసిన రెండు కితాబుల్లో ఇంటి పని నేర్పేది జహేజ్ పెట్టెలోకి ఎక్కింది. హక్కులు చెప్పేది మద్రసా అల్మారాలో ఉండిపోయింది. దుల్హన్‌కి రెండోది ఇచ్చిన ఇల్లు నేనింతవరకు చూడలేదు. హైదరాబాద్‌లోనే సుగ్రా హుమాయూన్ మీర్జా ‘అన్నిసా’ రిసాలా నడిపారు, ఆడపిల్లలకి మద్రసా పెట్టారు. ఆడవాళ్లు చదవాలి, తమ మాట తాము రాసుకోవాలి అన్న గొంతు మనకి లేక కాదు.

ఇప్పుడు అసలు కాగితం దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో దాన్ని సియాహా అంటారు. సియాహాలో మెహర్ దగ్గర ఒక పదం ఉంటుంది. ముఅజ్జల్. ఇది రెండు రకాలు. ఐన్‌తో రాస్తే, మీమ్ ఐన్ జీమ్ లామ్, వెంటనే ఇవ్వాల్సిన మెహర్. ఉజ్లత్ అంటే తొందర, అదే మాటనుంచి వచ్చింది. ఐన్ స్థానంలో హమ్జా ఎక్కిన వావ్ ఉంటే, గడువు తర్వాత ఇచ్చేది. ఇది అజల్ నుంచి వచ్చింది. అజల్ అంటే ముఖర్రర్ అయిన వేళ, మన ఉర్దూలో మౌత్‌కి కూడా అదే మాట. మన దగ్గర వావ్ మెహర్ అంటే నిజంగానే తలాఖో, మౌతో వచ్చినప్పుడు గుర్తొచ్చేదిగా మారిపోయింది.

నోటితో అంటే రెండూ ఒకేలా వినిపిస్తాయి. వకీల్ సాబ్ గుమ్మంలో నిలబడి ‘మెహర్-ఎ-ముఅజ్జల్’ అంటే ఏదన్నాడో చెప్పడం కష్టం. తెలుగు లిపిలో రాస్తే ఇంకా చిక్కు, మనకి ఐన్ లేదు, హమ్జా లేదు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను గనక నా కంటికి ఆ అక్షరం ఆనుతుంది. ఇవాళ షాదీ అవుతున్న మన పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం. ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. బీటెక్, ఎంబీబీఎస్ చదివిన అమ్మాయి జిందగీలో అతి పెద్ద ఒప్పందం మీద, తను చదవలేని లిపిలో, ఒక్క అక్షరం లక్షల రూపాయల తేడా చేసే చోట సంతకం పెడుతోంది.

కాబట్టి బేటీ, నీ తయారీ ఫెహ్రిస్త్‌లో పార్లర్ కంటే పైన ఇది రాసుకో. నికాకి కనీసం పది రోజుల ముందు సియాహా ఖాళీ నమూనా ఖాజీ సాబ్ దఫ్తర్ నుంచి తెప్పించు. ఉర్దూ వచ్చిన చాచాతో, దాదాతో ప్రతి ఖానా చదివించుకో. మెహర్ ఎంత, అందులో ఎంత నఖ్ద్, ఎంత గడువు మీద, గడువు ఏ తారీఖు అనేది ఇరువైపుల పెద్దలు ముందే కూర్చుని తేల్చుకోవాలి. పదం మీద వదిలేయకుండా, ‘నికా రోజే చెల్లించారు’ అనో, ‘ఫలానా తారీఖులోగా చెల్లించాలి’ అనో వాక్యంగా రాయించు. స్టేజీ మీద బేరమాడితే రెండు ఖాందాన్‌ల ఇజ్జత్ రోడ్డు మీద పడుతుంది. ముందే మాట్లాడుకుంటే అందులో బేఅదబీ ఏమీ లేదు.

మెహర్ దేనిలో రాయించుకోవాలన్నది కూడా చరిత్ర నేర్పిన పాఠమే. నిజాం జమానాలో మెహర్లు హాలీ సిక్కాలో రాశారు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ లెక్క. 500 హాలీ మెహర్ కల్దార్‌లోకి మారేసరికి 428 చిల్లర అయింది. 1950ల్లో హాలీ సిక్కా చలామణీ నుంచే పోయింది. అదింకా చిన్న నష్టం. 1970 ప్రాంతంలో పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల లోపే. అప్పుడు వెయ్యి రూపాయల మెహర్ అంటే యాభై గ్రాములకు పైగా బంగారం. ఆ మెహర్ కట్టించుకున్న నానీకి ఇవాళ ఆ వెయ్యి చేతిలో పెడితే చిన్న ముక్కుపుడక రాదు. హైదరాబాదీ నికాల్లో ఇప్పటికీ ‘దీనార్-ఎ-సుర్ఖ్’ అని చదువుతారు కదా, ఎర్ర దీనార్, అంటే బంగారు నాణెం. పాతోళ్లు రూపాయిల పక్కన దాన్ని ఊరికే పెట్టలేదు. ఇప్పుడది అలంకారంగా మిగిలింది, ఎన్ని గ్రాములో ఎవరూ రాయరు. గ్రాములు రాయించండి. మెహర్-ఎ-ఫాతిమీ అనుకుంటే మన ఉలమా ఎక్కువగా చెప్పే లెక్క 500 దిర్హమ్‌లు, 131 తులాల పావు వెండి, దాదాపు 1531 గ్రాములు. ‘మెహర్-ఎ-ఫాతిమీ’ అని పేరు రాసి పక్కన 786 రూపాయలు వేసిన సియాహాలు నేను కళ్లారా చూశాను. ఫాతిమా రజియల్లాహు అన్హా పేరు మీద ఇంత చవక పని ఏమిటి? ఇక హనఫీ ఫిఖ్‌లో అతి తక్కువ మెహర్ పది దిర్హమ్‌లు, అంటే 30 గ్రాముల పైచిలుకు వెండి. దానికంటే దిగువ రాసే ముందు ఆ రోజు వెండి ధర చూడాలి.

మెహర్ ఖైరాత్ కాదు, ఖర్జ్. ఇది కోర్టులు కూడా పాతకాలం నుంచే చెప్పాయి. 1886లో అలహాబాద్ హైకోర్టులో సర్ సయ్యద్ కొడుకు జస్టిస్ సయ్యద్ మహమూద్, అబ్దుల్ ఖాదిర్ వర్సెస్ సలీమా కేసులో నికాని, మెహర్‌ని వివరంగా విప్పి చెప్పారు. 1916లో హమీరా బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్, భర్త చనిపోయాక అతని ఆస్తి సరైన దారిలో తన చేతిలో ఉన్న బేవా, మెహర్ ముట్టే దాకా దాన్ని పట్టి ఉంచుకోవచ్చని తేల్చింది. మరి మన మొహల్లాలో జరిగేదేమిటి? జనాజా లేచే ముందు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడమనిషి దగ్గరికి నలుగురు వచ్చి, ‘మెహర్ మాఫ్ చెయ్యమ్మా, మరహూమ్ మీద ఖర్జ్ ఉండకూడదు’ అంటారు. ఖర్జ్ ఉండకూడదంటే తర్కాలోంచి తీర్చాలి. వారసులు పంచుకునే ముందు తీర్చాల్సిన అప్పుల్లో అది ఒకటి. ఏడుస్తున్న మనిషి నోటి నుంచి లాక్కున్న మాఫీ, సంతోషంగా ఇచ్చింది ఎట్లా అవుతుంది? దుల్హన్‌గా ఉన్న రోజే ఈ మాట తెలిసుండాలి.

ఖాజీ సాబ్ ముహర్ ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకోకండి. ఖాజీల చట్టం 1880 నాటిది. సర్కారు ఖాజీని నియమించవచ్చని ఆ చట్టమే చెబుతుంది, ఖాజీ ఉంటేనే నికా అవుతుందని మాత్రం అనదు. నికాకి నిలబెట్టేది ఇజాబ్-ఖబూల్, గవాహ్‌లు. బర్కస్ వైపు షాఫయీ ఇళ్లల్లో వలీ కూడా. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానంలో ఏడుస్తున్న పదేళ్ల పిల్లని ఎయిర్ హోస్టెస్ గమనించి అధికారులకి చెప్పింది. పక్కన కూర్చున్నది అరవై దాటిన సౌదీ షేక్, నికా అయిందన్నాడు. ఆ కేసు దేశమంతా మోగింది. పిల్ల రజామందీని ఎవరు అడిగారు, ఎవరు విన్నారు? ఇప్పుడు చట్టం ప్రకారం అమ్మాయికి 18 నిండాలి. ఆధార్ చూపించమని ఖాజీ దఫ్తర్ అడిగితే విసుక్కోవద్దు, అడగని చోటే భయపడాలి.

సియాహాలో పేర్లు స్పెల్లింగ్‌తో సహా ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాలి. ఫాతిమాని ఫాతీమా అని, వల్దియత్ ముందు మహమ్మద్ ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేసి, తర్వాత వీసా కోసం ఆరు నెలలు తిరిగిన జంటలు నాకు తెలుసు. సియాహా ఆధారంగా వక్ఫ్ బోర్డు మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది, తెలంగాణలో అది నాంపల్లి హజ్ హౌస్‌లో. దీనికి తోడు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. రుఖ్సతీ హడావుడిలో నీ నఖల్ దూల్హా షేర్వానీ జేబులోకి పోకుండా చూసుకో. అబ్బాకో భాయికో చెప్పి ఆ రాత్రే ఫోన్‌లో ఫొటో తీయించు.

షరతులు రాయించాలనుకుంటే కూడా దారి ఉంది. ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో ఒక నమూనా నికానామా విడుదల చేసింది. దాని మీద ఆడవాళ్ల సంఘాలు చేసిన విమర్శలు సబబే, తలాఖ్ సంగతిలో అది గట్టిగా నిలబడలేదు. అయినా నికాకి ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక మొదలు. చదువు ఆపించకూడదు, ఉద్యోగం మాన్పించకూడదు, గల్ఫ్ పోతే నెలకి ఇంత పంపాలి, ఇన్ని నెలల్లో రావాలి, తఫ్వీజ్ ఉండాలి. సూరత్ వాళ్లు నాలుగు రాసుకున్నారు, నీకు అవసరమైనవి రెండే అయితే రెండే రాయించు. ఒప్పుకోని మనిషి గురించి ఆ పది రోజుల ముందే తెలిసిపోతుంది, అది కూడా లాభమే.

నికా రోజు సంగతి ఇక చిన్నది. పొద్దున కడుపు నిండా తిను, పార్లర్‌లో ఆరేడు గంటలు కూర్చోవాలి. బరాత్ వేళకి రాదు, మన ఊళ్లో ఎన్నడూ రాలేదు. ఒక తెలివైన చెల్లెలికి నీ ఫోన్, మందులు, పిన్నులు, నీళ్ల సీసా, మెత్తటి చెప్పుల జత అప్పజెప్పు. వకీల్ సాబ్ వచ్చినప్పుడు గదిలో డీజే ఆపించు, ఫొటోగ్రాఫర్‌ని పక్కకి జరగమను. ఆయన చెప్పింది సరిగా వినబడకపోతే ‘ఫిర్ సే పఢియే’ అను. అందులో సిగ్గు లేదు, ఆయన వచ్చిందే నిన్ను అడగడానికి. నోటితో జవాబు చెప్పు. తర్వాత కాగితం మీద మెహర్ ఖానా చూసి, అనుకున్న మాటే ఉందో లేదో చూసి, అప్పుడు దస్తఖత్ పెట్టు. ఆ తర్వాత జల్వాలో ఆర్సీ ముస్హఫ్ పెట్టి అద్దంలో అతని మొహం చూపిస్తారు, అప్పుడెంతసేపు సిగ్గుపడినా అడిగేవాళ్లు లేరు.

ఇంకొక్క కాగితం. పాత హైదరాబాద్‌లో జహేజ్ సామాను ఫెహ్రిస్త్ రాసి, నలుగురి ముందు చదివి, దూల్హా వాళ్లకి అప్పజెప్పేవాళ్లు. చూపించుకోవడం కోసం మొదలైన ఆ రస్మ్‌ని ఇప్పుడు హిఫాజత్ కోసం వాడుకోవచ్చు. 1985 నాటి నిబంధనల ప్రకారం కూడా దుల్హన్‌కి వచ్చిన కానుకల జాబితా రాయాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారితో చుట్టరికం, కింద ఇద్దరి సంతకాలు. అమ్మీ ఇచ్చిన జేవర్ గ్రాముల్లో రాయండి, అత్తింటివాళ్లు సాంచక్‌లో పెట్టింది విడిగా రాయండి, మెహర్‌లో భాగంగా ఇచ్చిన నగ ఉంటే అది మెహరే అని రాయండి. లేకపోతే రేపు అదే నగని చూపించి ‘మెహర్ ఇచ్చేశాం’ అనే వాళ్లూ, ‘అది మా ఇంటి నగ, వెనక్కివ్వు’ అనే వాళ్లూ ఒకే ఇంట్లో తేలతారు. ఆ జాబితా ఒక నఖల్ నీ దగ్గర, ఒకటి మైకేలో.